గోడ మీది వదిన

రంగుల విషయంలో మా వదినకు ఎదురు చెప్పి నెగ్గినవాళ్ళు మా ఇంట్లో లేరు. గోడకు ఏ రంగు వెయ్యాలి, అరటిపండు ఇవాళ తినాలా రేపటిదాకా ఆగాలా, పిల్లల మొహం నిజంగా జ్వరంతో పాలిపోయిందా లేక బడి ఎగ్గొట్టే నాటకమా, ఏదైనా ఆవిడే తేల్చాలి. మా అన్నయ్య ఇరవై తొమ్మిదేళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. సిగ్నల్లో రంగు ఏనాడూ తప్పు చూడని మనిషి. ఆయన మాట కూడా చెల్లదు. "మీకు తెలిసిన రంగులు మూడు. ఎరుపు, ఆకుపచ్చ, మధ్యలో ఒకటి" అంటుంది వదిన. అన్నయ్య పేపరు మడుచుకుని ఇంకో గదిలోకి వెళ్ళిపోతాడు.

నేను ఆవిడ ఆడపడుచుని. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మా విషయంలో ఆ అర్ధం కూడా ఆవిడ వాటాకే పోయింది, ఎందుకంటే నాకు ఉద్యోగం ఇప్పించింది ఆవిడే. ఫొటో షాపులో ముందు కౌంటరు నాది, వెనక ప్రింటింగ్ గది ఆవిడది. మధ్యలో ఒక స్ప్రింగు తలుపు. ఇటు టైలరు, అటు మందుల షాపు. పంతొమ్మిదేళ్ళుగా నేను చేసే పని, ఆవిడ ఇచ్చిన ఫొటోలను కవర్లో పెట్టి, పేరు సరిచూసి, మనిషికి అందించడం. చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు గానీ తప్పు కవరు ఇచ్చి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

ప్రింటింగ్ గది చిన్నది. రెండు ట్యూబులైట్లు, ఒక బల్ల, వెనక సందులోకి ఒక కిటికీ. గది ఒకప్పుడు డార్క్‌రూమ్. అప్పట్లో కిటికీకి నల్లకాగితం అంటించి మీద మందపాటి కర్టెన్ వేశారు. ఆ పని పోయింది, నల్లకాగితమూ చిరిగి పోయింది, కర్టెన్ మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని తియ్యొచ్చని ఎవరికీ తోచలేదు.

మెషీను పక్కన గోడ మీద, ట్యూబులైటు కింద, ఒక ఫ్రేము. అందులో ఉన్నది మా వదిన. ఇరవై రెండేళ్ళ వయసులో, వెనక బూడిదరంగు గుడ్డ, ఒంటి మీద ఊలు స్వెటరు, మొహం మీద నవ్వు లేదు. దాన్ని అందరం స్టాండర్డ్ అనేవాళ్ళం.

దాని కథ ఇది. షాపులోకి మొదటి కలర్ మెషీను వచ్చినప్పుడు దానితోపాటు కంపెనీవాళ్ళు ఒక నమూనా ఫొటో పంపారు. ఏ దేశపు అమ్మాయో, పాలమీగడలా ఉంది. ఆ మొహానికి సరిపోయేలా మీటలు తిప్పితే ఊళ్ళోవాళ్ళందరూ సున్నం కొట్టినట్టు వచ్చారట. పెద్ద ఓనరు, ఇప్పుడున్న ఓనరు తండ్రి, ఆ ఫొటో చింపి అవతల పారేసి, అప్పుడే ఫొటోలు కత్తిరించే పనికి చేరిన అమ్మాయిని గుడ్డ ముందు కూర్చోబెట్టి ఫొటో తీశాడు. ఆయన చచ్చీ చెడీ నాలుగు రోజులు రంగులు సరిచేసి ప్రింటు తీసి, ఫ్రేము కట్టించి, మేకు కొట్టాడు. "గోడ మీది అమ్మాయికి సరిపోతే ఊరికి సరిపోయినట్టే" అని శాసనం చేశాడు. అప్పటినించి ప్రతి ప్రింటునూ ఆ ఫ్రేము పక్కన పెట్టి చూసి, పసుపు ఒకటి తగ్గించో, ఎరుపు అర పెంచో బయటికి పంపడమే వదిన పని. ఈ ఊళ్ళో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పుట్టినవాళ్ళూ, పెళ్ళయినవాళ్ళూ, పోయినవాళ్ళూ మా వదిన మొహం పక్కన నిలబడి వెళ్ళినవాళ్ళే.

ఆ స్వెటరు సంగతి కూడా చెప్పాలి. పెళ్ళి కుదిరిన కొత్తలో అన్నయ్య కొండల మీది రూటుకి డ్యూటీ వేయించుకుని మరీ వెళ్ళి తెచ్చిచ్చాడు. చాలా ఏళ్ళ కిందటే పురుగు కొట్టి గుడ్డపీలికలైంది. ఆ తర్వాత మొదలైంది పేచీ. అన్నయ్య నీలం స్వెటరు కొన్నానంటాడు. వదిన ఆకుపచ్చ అంటుంది. గోడ మీద చూస్తే ఆకుపచ్చే, నేనూ రోజూ చూశాను.

"నీలం ఊలు ఏరి మరీ కొన్నానే," అనేవాడు అన్నయ్య.

"ఆకుపచ్చ. గోడ మీద కనిపిస్తుంటే ఇంకా నీలం ఏంటండీ? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని..." అనేది వదిన.

అన్నయ్య పేపరు మడుచుకుని వెళ్ళిపోయేవాడు.

కిందటేడు పాత మెషీను ఆగిపోయింది. మెషీను తప్పేం లేదు, దానికి పోసే మందు తయారుచేసేవాళ్ళు మానేశారు. చిన్న ఓనరు కొత్తది తెచ్చాడు. బీరువాను పడుకోబెట్టినంత ఉంది. ఎనిమిది రకాల ఇంకు తాగుతుంది. పక్కన ఒక కంప్యూటరు, అందులో ఫొటో ప్రింటింగ్ సాఫ్ట్‌వేరు. మెషీను దానంతట అది ఏమీ చెయ్యదట, అన్నీ ఆ సాఫ్ట్‌వేరే చెప్పాలట. మరి సాఫ్ట్‌వేరుకు ఎవరు చెప్పాలి? మా వదిన.

బిగించడానికి ఒక ఇంజనీరు వచ్చాడు. రెండు రోజులుండి, తను తెచ్చుకున్న పేపరు మీద ఒక పూలగుత్తి ప్రింటు తీసి చూపించాడు. బ్రహ్మాండంగా ఉంది. "మా పేపరు ఇది కాదు కదండీ" అంది వదిన. "మీ పేపరుకి మీరే సెట్టింగ్ చేసుకోవాలి మేడమ్. చాలా ఈజీ. వీడియో ఉంది" అన్నాడు. లింకు పంపి బస్సెక్కాడు. పూలగుత్తి మాత్రం మాకు వదిలేశాడు.

మెషీనుతో ఒక పుస్తకం కూడా వచ్చింది. నేను ఇంగ్లీషు చదవగలను కనుక కౌంటరు దగ్గర జనం లేనప్పుడు వదినకు చదివి చెప్పే పని నాకు పడింది. ఆ పుస్తకం రాసినవాడు కనబడితే కౌంటరు దూకి వెళ్ళి అడుగుదును. ప్రతి మీట గురించీ ఒక వాక్యం ఉంటుంది. గామా మీట: గామాను మార్చడానికి వాడండి. సాచురేషన్ మీట: సాచురేషన్‌ను మార్చడానికి వాడండి. మూడువందల పేజీలు.

"మార్చితే ఏమవుతుందట?" అంది వదిన.

"మారుతుందట" అన్నాను.

ఇక వీడియో. పదిహేడు నిమిషాలు. ఒకాయన బల్ల ముందు కూర్చుని ఏదో భాషలో చెబుతుంటాడు. ఏ భాషో మాకు ఈరోజుకీ తెలియదు. కింద అక్షరాలు రావు. ఆయన తెర మీద ఉన్న గడులు ఒక చోట, మా తెర మీద ఇంకో చోట. మధ్యమధ్య దగ్గుతాడు. నేను ఆయనకు దగ్గు మాస్టారని పేరు పెట్టాను. పదిహేడో నిమిషంలో నవ్వి, చెయ్యి ఊపి, మిగతాది రెండో భాగంలో చూద్దాం అన్నట్టు ఏదో అంటాడు. రెండో భాగం లేదు. వెతికాం, నిజంగా లేదు.

ఇంజనీరుకు ఫోను చేశాం.

"వీడియో చూశారా మేడమ్?"

"చూశాం."

"మళ్ళీ చూడండి."

వదిన మళ్ళీ చూసింది. ఎన్నిసార్లని చెప్పను? దగ్గు మాస్టారు దగ్గబోయే ముందు ఆవిడకు తెలిసిపోయేది. మాటలు అర్థం కావు కనుక చేతల్నే రాసుకుంది. ఒక లెక్కల నోటుబుక్కు కొని, ఎడమవైపు నిమిషాలు, కుడివైపు ఆయన చేసింది. ఆ పుస్తకం నా దగ్గరే ఉంది, చూసి రాస్తున్నాను. "3.40, పైన రెండో గడిలో టిక్కు. 4.12, దగ్గు. 4.30, పేపరు పేరు కొట్టాడు. 5.15, గళ్ళ పేజీ ప్రింటు తీశాడు. 6.05, లేచి కర్టెన్ తీశాడు. ఉక్క కాబోలు. 6.20, అట్టముక్కతో విసురుకోబోయి మానేశాడు. 7.00, నంబరు కొట్టాడు. దగ్గు."

గళ్ళ పేజీ అన్నది ఏంటంటే, సాఫ్ట్‌వేరు ఒక కాగితం ప్రింటు చేస్తుంది. దాని మీద నలభై చిన్న గళ్ళు. అన్నీ బూడిదరంగే, కానీ ఒకటి కాస్త నీలంగా, ఒకటి కాస్త గులాబీగా, ఒకటి కాస్త పసుపుగా ఉంటుంది. పక్కన నంబర్లు. "వీటిలో అసలైన బూడిదరంగు ఏది? నంబరు టైపు చేయండి" అని తెర మీద అడుగుతుంది. మిగతా రంగులన్నీ ఆ ఒక్క నంబరు మీద నిలబడతాయి. ఆ సంగతి మాత్రం పుస్తకంలో ఎక్కడా లేదు.

వదినకు ఇదొక్కటే తెలిసిన ప్రశ్నలా కనబడింది. కాగితం పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. ఫ్రేములో తన భుజం వెనక ఉన్న బూడిదరంగు గుడ్డ పక్కన ఒక్కొక్క గడీ పెట్టి చూసింది. అరగంట చూసింది. "ముప్ఫై ఒకటి" అంది. నేను కొట్టాను.

మూడు వారాలు పాస్‌పోర్టు ఫొటోలు ప్రింటు చేశాం. ఎవరూ ఏమీ అనలేదు. వదిన మొహంలో కాస్త వెలుగు వచ్చింది. నేను చిన్న ఓనరు ముందు రెండుసార్లు, "వీడియో లేకపోతేనేం, మా వదిన కళ్ళున్నాయి" అని కూడా అన్నాను. ఆ నోటిదూల నాకు పుట్టుకతోనే వచ్చింది.

అప్పుడు నర్సుల ఆర్డరు వచ్చింది. నర్సుల ట్రైనింగు స్కూల్లో చదువు పూర్తయిన రెండువందల పన్నెండు మంది అమ్మాయిలు, ఒక్కొక్కరికి ఒక పెద్ద ఫొటో, తెల్ల యూనిఫారంలో. ప్రిన్సిపాల్‌గారు స్వయంగా తీసుకెళ్ళడానికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు వార్డుల్లో తిరిగిన మనిషి. నా కౌంటరు మీద పది ఫొటోలు వరుసగా పేర్చి, కళ్ళద్దాలు సర్దుకుని, ఒక్కొక్కదాని మీదా వేలు పెడుతూ వచ్చింది.

"ఈ అమ్మాయికి కామెర్లు. ఈ అమ్మాయికీ కామెర్లు. ఈమెకి ముదిరిపోయాయి. ఈమెను వెంటనే అడ్మిట్ చెయ్యాలి."

"మేడమ్, అది లైటింగు..." అన్నాను.

"నా పిల్లల్ని నేను రోజూ చూస్తానమ్మా. వీళ్ళ యూనిఫారాలకి కూడా కామెర్లే" అంది. కోపం లేదు ఆవిడకి. రోగం పేరు చెప్పినట్టు చెప్పింది. వచ్చే శుక్రవారం సాయంత్రం స్కూల్లో ఫంక్షన్, ఆ రోజు మధ్యాహ్నం వచ్చి మళ్ళీ చూస్తానని ఫొటోలన్నీ వదిలి వెళ్ళిపోయింది.

చిన్న ఓనరు చెడ్డవాడు కాదు. అరవలేదు. అరిస్తే నేను ఊరుకునేదాన్ని కాదు, అది వేరే సంగతి. స్ప్రింగు తలుపు దగ్గర నిలబడి నెమ్మదిగా అన్నాడు. "అక్కా, శుక్రవారానికి సరిగ్గా రాకపోతే మెషీను వాపసు ఇచ్చేస్తాను. ప్రింటింగ్ బయట ల్యాబుకి పంపిద్దాం. మీరేం కంగారుపడకండి, జీతం తగ్గించను. ముందు కౌంటర్లో కూర్చోండి హాయిగా."

"కౌంటర్లోనా బాబూ? కవర్లలో ఫొటోలు పెడుతూనా?" అంది వదిన.

అది నేను పంతొమ్మిదేళ్ళుగా చేస్తున్న పని. నాకు ఒళ్ళు మండలేదంటే అబద్ధం. కానీ ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను.

ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో వదిన అంది. "నాకు కళ్ళు తప్ప ఏముందే? చదువా, సంధ్యా? ఇన్నేళ్ళు ఆ గదిలో కూర్చున్నది ఆ కళ్ళని నమ్మే. ఇప్పుడు అవి పోయాయని నలుగురిచేత అనిపించుకుని కౌంటర్లో కూర్చోవాలా?"

"కళ్ళు పోయాయని ఎవరన్నారు?"

"రెండువందల పన్నెండు మంది."

మర్నాడు భోజనాల టైములో కళ్ళడాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అక్షరాలు చదివించి, రంగుచుక్కల పుస్తకం చూపించి, "నిక్షేపంలా ఉన్నాయి. ఈ వయసులో ఇలాంటి కళ్ళు నాకూ లేవు" అన్నాడు. ఇంజనీరుకు ఫోను చేస్తే మెషీను కూడా నిక్షేపంలా ఉందన్నాడు, వీడియో మళ్ళీ చూడమన్నాడు. కళ్ళు బాగున్నాయి. మెషీను బాగుంది. నర్సులకు మాత్రం కామెర్లు. గోరుచుట్టు మీద రోకటిపోటులా వదిన ఆ వారమంతా మీటలు తిప్పి తిప్పి, ఎర్రగా ఒకసారి, ఊదాగా ఒకసారి ప్రింట్లు తీసి, ఆఖరికి ఏ మీట ఎక్కడ ఉండేదో కూడా మర్చిపోయింది.

గురువారం పొద్దున్న షాపు తెరవగానే నోటుబుక్కు బల్ల మీద పెట్టి నన్ను పిలిచింది.

"ఏమే, ఇన్నాళ్ళూ ఆయన చేసినవాటిలో మనకి పనికొచ్చేవే చేశాం. పనికిరావనుకున్నవి వదిలేశాం. ఏది పనికొస్తుందో ఏది పనికిరాదో తేల్చడానికి మనమెవరం? ఆ మాస్టారి మాటలో ముక్క కూడా మనకి రాదు. ఇవాళ మొదటినించీ అన్నీ చేస్తాను. ఒక్కటి కూడా వదలను."

"దగ్గడం కూడానా?"

"దగ్గడం కూడా."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నేను ఫోనులో వీడియో చూస్తూ ఒక్కొక్కటీ చదువుతుంటే ఆవిడ చేస్తూ వెళ్ళింది. మూడు నిమిషాల నలభై సెకన్లకి టిక్కు పెట్టింది. నాలుగు నిమిషాల పన్నెండుకి దగ్గింది, నిజంగానే. పేపరు పేరు కొట్టింది. గళ్ళ పేజీ బయటికి వచ్చింది.

"ఆరు అయిదు. లేచి కర్టెన్ తీశాడు" అని చదివాను.

వదిన లేచి కర్టెన్ పట్టుకుని లాగింది. సగం ఊడి చేతికి వచ్చింది. నా తల మీద ఎన్నేళ్ళ దుమ్మో పడింది. సందులోంచి పొద్దుటి వెలుగు గదిలోకి వచ్చింది. ఆ గదిలో పగటి వెలుగు నేను మొదటిసారి చూడటం అదే.

"తర్వాత?"

"అట్టముక్కతో విసురుకోబోయి మానేశాడు."

వదిన అట్టముక్క కోసం చుట్టూ చూసింది. మళ్ళీ నా చేతిలో ఫోను లాక్కుని ఆ ముక్క ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తిప్పి చూసింది. "విసురుకోవట్లేదే వీడు. గళ్ళ కాగితం పక్కన పెడుతున్నాడు. ఆ అట్టని చూడు."

బూడిదరంగు. ఇన్నాళ్ళూ అది ఏ డబ్బాలోంచో చింపిన అట్ట అనుకున్నాం.

మా దగ్గర అలాంటి అట్ట లేదు. మా దగ్గర ఉన్న బూడిదరంగు అంతా గోడ మీది గుడ్డే. వదిన స్టూలెక్కి ఫ్రేము మేకు మీదనించి దించింది. కిటికీ దగ్గరికి తెచ్చాక అద్దం మెరుస్తుంటే కనబడలేదు. వెనక చిన్న మేకులు కటింగ్ చాకుతో లేపి, అట్ట తీసి, ఫొటోను బయటికి లాగింది.

ఫొటో పైభాగాన, ఫ్రేము చెక్క కింద ఇన్నేళ్ళూ దాక్కున్న చోట, వేలెడు వెడల్పున ఒక అంచు. ఆ అంచులో గుడ్డ బూడిదరంగులో ఉంది. చల్లని, వాన మబ్బు లాంటి బూడిద. అంచు దాటిన చోటనించి గుడ్డ టీ మరకలా పసుపు. గీత గీసినట్టు అక్కడితో ఆగి, ఇక్కడితో మొదలైంది.

మేమిద్దరం చాలాసేపు ఆ గీతనే చూశాం. ఇన్నేళ్ళ ట్యూబులైటుకి ఫొటో కొంచెం కొంచెంగా పసుపెక్కింది. ఒక రోజుకి కనబడేంత కాదు, ఒక ఏడాదికి కూడా కాదు. దాంతోపాటు ఊరంతటినీ వదిన కొంచెం కొంచెంగా పసుపెక్కిస్తూ వచ్చింది. ప్రతి ఒక్కరినీ గోడ మీది అమ్మాయికి సరిపోయేలా, ఆవగింజంత కూడా తేడా రాకుండా. పాస్‌పోర్టు ఫొటోలు తీసుకెళ్ళినవాళ్ళు ఏమీ అనకపోవడానికి కారణం అదే. వాళ్ళకి అలవాటైపోయింది. ప్రిన్సిపాల్‌గారు మా షాపుకి రావడం అదే మొదటిసారి.

ఈ పరిస్థితికి తెలుగులో ఒక సామెత ఉంది. అందరికీ తెలిసినదే. నా నాలుక చివరిదాకా వచ్చింది. జీవితంలో ఏ మాటా దాచుకోనిదాన్ని, ఆ సామెతను మింగేశాను.

వదిన స్టూలు మీద కూర్చుంది. "నీ కొడుకు చంటప్పటి ఫొటోలు నేనే ప్రింటు చేశాను కదే" అంది.

"చేశావు. బాగున్నాయి."

"పెద్ద ఓనరుగారి ఆఖరి ఫొటో కూడా నేనే. ఆయన రంగు నేర్పితే, ఆయనకే తప్పు రంగు వేసి దండేశాను." కళ్ళు తుడుచుకుంది. "ఎప్పటినించి తప్పుతున్నానో కూడా తెలియదు."

"ఎవరూ అడగలేదు కదా వదినా?"

"అడగలేదు కాబట్టే."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ తప్పు చూసి కాదు. ఇంకెవరైనా అయితే ఏం చేస్తారు? ఫొటోను మళ్ళీ ఫ్రేములో పెట్టేసి, తప్పు మెషీనుదని చెబుతారు. నేనైతే అదే చేసేదాన్ని. ఆవిడ ముక్కు చీది, గళ్ళ కాగితం తీసుకుని, ఆ వేలెడు అంచు పక్కన పెట్టి చూడటం మొదలుపెట్టింది. ఈసారి అరగంట పట్టలేదు.

"పంతొమ్మిది" అంది. "ముప్ఫై ఒకటెక్కడ, పంతొమ్మిదెక్కడ! కొట్టు."

కొట్టాను. ఏడో నిమిషం దగ్గు ఆవిడ మర్చిపోతే నేను గుర్తు చేశాను. దగ్గింది.

ఆ రోజూ మర్నాడు మధ్యాహ్నం వరకూ రెండువందల పన్నెండు ఫొటోలూ మళ్ళీ ప్రింటయ్యాయి. ఒక్కొక్కటీ వదిన కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. చెప్పిన టైముకి ప్రిన్సిపాల్‌గారు వచ్చింది. ఈసారి కౌంటరు మీద పేర్చనివ్వకుండా వదిన ఆవిడను వాకిట్లోకి తీసుకెళ్ళి పగటి వెలుగులో చూపించింది. చిన్న ఓనరు గుమ్మంలో గోళ్ళు కొరుక్కుంటున్నాడు. ప్రిన్సిపాల్‌గారు ఒక్కొక్క అమ్మాయి మొహం, తర్వాత కళ్ళు, తర్వాత యూనిఫారం చూసింది. ఒక ఫొటో దగ్గర ఆగింది.

"ఈ అమ్మాయికి నిజంగానే రక్తం తక్కువ" అంది. "మిగతా అందరినీ డిశ్చార్జ్ చెయ్యొచ్చు."

ఆవిడ వెళ్ళాక వదిన నోటుబుక్కు తీసి, ఆరు నిమిషాల అయిదు సెకన్ల దగ్గర "ఉక్క కాబోలు" అన్నది కొట్టేసి, పక్కన "ఉక్క కాదు" అని రాసింది. మళ్ళీ కొట్టేసి, "వెలుగులో చూడాలి" అని రాసింది. చిన్న ఓనరు మెషీను వాపసు మాట మళ్ళీ ఎత్తలేదు. కౌంటరు మాటా ఎత్తలేదు. కానీ మరో మాట ఎత్తాడు.

"అక్కా, గోడ మీది ఫొటో ఇంక పనికిరాదు కదా. ఆ నర్సుల్లో ఎవరిదో ఒక మంచి ఫొటో పెడదామా, కొత్త స్టాండర్డ్‌గా?"

"ఏం, మా వదిన మొహానికి ఏం వచ్చింది?" అని నేను లేచాను.

"నువ్వుండవే" అంది వదిన. "నెగెటివ్ ఉంది బాబూ. దానిమీద ఎప్పుడూ వెలుగు పడలేదు."

బీరువా అడుగున, పెద్ద ఓనరు చేతిరాత ఉన్న కవర్లో ఉంది. స్కాన్ చేసింది. పంతొమ్మిది నంబరు సెట్టింగ్‌తో ప్రింటు ఇచ్చింది. కాగితం అంగుళం అంగుళంగా బయటికి వస్తుంటే ఇద్దరం వంగి నిలబడ్డాం. ముందు గుడ్డ వచ్చింది, బూడిదరంగే. తర్వాత జుట్టు. తర్వాత మొహం. గోడ మీది అమ్మాయికంటే కాస్త చాయ తక్కువ, కాస్త నిజం మనిషిలా ఉంది. తర్వాత స్వెటరు.

వదిన ప్రింటు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది.

"ఏమే, ఇలా రా. ఇది ఏం రంగు?"

పంతొమ్మిదేళ్ళలో ఆవిడ నన్ను రంగు అడగడం అదే మొదటిసారి.

"నీలం" అన్నాను.

"సరిగ్గా చూడు."

"నీలమే వదినా. సిరా నీలం."

"అయ్యో" అంది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అన్నయ్య వరండాలో పేపరు చదువుతున్నాడు. వదిన చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళి, ఆ ప్రింటుకి తీసిన రెండో కాపీని ఆయన పేపరు మీద పెట్టింది. అన్నయ్య కళ్ళద్దాలు పైకి తోసి చాలాసేపు చూశాడు.

"జుట్టు ఎంత ఉండేదో అప్పట్లో" అన్నాడు.

"స్వెటరు చూడండి."

"చూశాను."

"ఏం రంగు?"

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఇన్నేళ్ళ పేచీ, చేతిలో సాక్ష్యం, ఎదురుగా నేను. ఇంకో మగాడైతే వీధి వీధంతా వినేలా చెప్పేవాడు. మా అన్నయ్య ఫొటో వైపు చూశాడు, వదిన మొహం వైపు చూశాడు.

"నువ్వే చెప్పు" అన్నాడు. "రంగులు నీకు కదా తెలుసు."

"నీలం" అంది వదిన. "నీలమేనండీ."

"అలాగా" అన్నాడు అన్నయ్య, మొదటిసారి వింటున్నట్టు. "సరే అయితే, నీలమే."

పేపరు మడిచాడు. కానీ ఇంకో గదిలోకి వెళ్ళలేదు. పక్కకి జరిగి ఆవిడకు చోటిచ్చాడు.